చీకట్లో చూపు: దీపం పారేశాకే దారి దొరికింది

బత్తలపల్లె చుట్టుపక్కల శెనక్కాయ చేలల్లో అమావాస్య రాత్రి అడవిపందులకు కాపు కాసే రైతుకు ఒక చిక్కు బాగా తెలుసు. బ్యాటరీ లైటు వేస్తే పంది కనిపిస్తుంది, మనిషి ఎక్కడున్నాడో పందికీ తెలిసిపోతుంది. రాత్రిపూట చూసే సాధనాల కోసం సైన్యాలు ఏళ్ల తరబడి పడ్డ తంటా కూడా ఇదే.

1930లలో హాలండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో హోల్స్ట్ బృందం ఒక గాజు గొట్టం తయారుచేసింది. కంటికి కనబడని పరారుణ కాంతి దాని ముందు పూత మీద పడితే ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. ఎక్కువ వోల్టేజీ వాటిని వెనక తెర మీదికి లాగుతుంది, తెర మీద బొమ్మ వెలుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్లు దీన్ని రైఫిలుకు బిగించి 'వాంపీర్' అని పేరు పెట్టారు. తుపాకీ మీద పరారుణ దీపం, సైనికుడి వీపున పది కిలోలు దాటిన బ్యాటరీ మూట! అమెరికన్ల స్నైపర్‌స్కోప్ 1945లో ఒకినావాలో పనిచేసింది కానీ, చూపు ఆనింది డెబ్బై గజాల మేరకే. పైగా శత్రువు దగ్గరా అలాంటి గొట్టమే ఉంటే, దీపం మోసేవాడే ముందు దొరికిపోతాడు.

ఆ దీపాన్నే తీసిపారేశారు వియత్నాం యుద్ధకాలంలో. మూడు గొట్టాలను ఒకదాని వెనక ఒకటి పేర్చి, చుక్కల వెలుగునే వేల రెట్లు పెంచారు. అయినా అది తుపాకీకి బిగించే పొడవాటి దుర్బిణీయే. కళ్లద్దాల రూపం రావడానికి నాణెమంత గాజు బిళ్ల కారణం. అందులో లక్షల సన్నని రంధ్రాలు. దూరిన ఒక్కో ఎలక్ట్రాను గోడలకు తగులుతూ వందలు, వేలు అవుతుంది. దాంతో గొట్టం పొట్టిదై ముఖానికి కట్టుకునేంత చిన్నదైంది. 1970లలో వచ్చిన ఏఎన్/పీవీఎస్-5 ఇలాంటిదే. చూపు 40 డిగ్రీలే. బొమ్మ ఆకుపచ్చగా ఉండేది, ఆ రంగు మన కంటికి బాగా ఆనుతుంది కాబట్టి. అది ముఖమంతా కప్పేయడంతో హెలికాప్టర్ పైలట్లకు ముందున్న మీటర్లు కనిపించేవి కావు. చివరికి తొడుగు కింది భాగం కోసేసి, ఆ సందులోంచి మామూలు కళ్లతో మీటర్లు చూసుకున్నారు. ఎంత తెలివైన యంత్రమైనా వాడేవాడి చేతిలోనే సవరణ పొందుతుందని నాకు ఇక్కడే బాగా అనిపిస్తుంది.

మన దగ్గర ఈ కథ బందరుకు చేరింది. 1926లో అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. ప్రయోగశాలల పరికరాలు చేసిన ఆ సంస్థను 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యం వాడే నైట్ విజన్ సాధనాలు అక్కడ తయారవుతున్నాయి. కృష్ణా జిల్లా నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో ప్రధాని కర్నూలు నుంచి జాతికి అంకితం చేశారు.

బందరు అనగానే కలంకారీ, లడ్డూ చెబుతాం. మన బడిపిల్లల పాఠాల్లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీకి కూడా ఒక పేజీ ఇవ్వాలి.