పక్కింటి కప్పు మీద మంచు

జపాన్‌లో నాగానో, నీగాతా ప్రిఫెక్చర్ల సరిహద్దులో మోరి-మియానోహారా అని ఒక చిన్న రైల్వే స్టేషన్ ఉంది. 1945 ఫిబ్రవరి 12న అక్కడ ఎంత మంచు పేరుకుందో చూపడానికి దాని పక్కనే ఒక స్తంభం నిలబెట్టారు. ఆ రోజు మంచు ఎత్తు 7.85 మీటర్లు. రెండంతస్తుల మేడను ముంచేసే లోతు అది. జపాన్ రైల్వే స్టేషన్లలో ఇంతకు మించిన లెక్క ఇప్పటిదాకా నమోదు కాలేదు.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో జనం తరతరాలుగా వరి పండిస్తూ, ఏటా నాలుగైదు నెలలు మంచులో బతుకుతూ వచ్చారు. ఈమధ్య కాలంలో చలికాలం వస్తే అక్కడి ఇళ్ల కప్పుల మీద కొత్త ముఖాలు కనిపిస్తున్నాయి. తోక్యో విద్యార్థులు, తైవాన్, హాంకాంగ్‌ల నుంచి వచ్చిన యువతీయువకులు పార పట్టుకుని ముక్కూమొహం తెలియని ముసలివాళ్ల ఇళ్ల మీది మంచు దించుతున్నారు. పైకి ఇది కొత్త ముచ్చటలా కనిపిస్తుంది. కానీ ఎచిగో అని పాత పేరున్న ఈ నీగాతా సీమ చరిత్ర చూస్తే, ఒక ఇంటి మంచు ఆ ఇంటివాళ్లొక్కరి పని అని ఎవరూ ఏనాడూ అనుకోలేదని తెలుస్తుంది. చేయందించే మనుషులు మారారు, వాళ్లు వచ్చే దూరం పెరిగింది.

ఇంత మంచుకు కారణం సముద్రమే. సైబీరియా నుంచి వీచే పొడి చలిగాలి జపాన్ సముద్రం దాటేటప్పుడు సుషిమా వెచ్చని ప్రవాహం మీద తేమ పీల్చుకుంటుంది. తీరం దాటగానే రెండు వేల మీటర్ల ఎత్తు కొండలు అడ్డం వస్తాయి. మోసుకొచ్చిన తేమంతా కొండలకు ఇవతలే మంచుగా దిగిపోతుంది. అవతల తోక్యోలో అదే రోజు ఎండ కాస్తూ ఉంటుంది. పైగా ఇక్కడి మంచు నీరు పట్టిన బరువైన మంచు.

ఈ బతుకును మొదట దేశానికి చూపించినవాడు షియొజావాకు చెందిన సుజుకి బొకుషి (1770–1842). నార బట్టల వ్యాపారం, తాకట్టు వ్యాపారం చేసుకునే గృహస్థు. పాలనా కేంద్రమైన ఎదోలో (నేటి తోక్యోలో) జనం మంచు పడితే వేడుకగా చూసి మద్యం తాగుతూ కవిత్వం చెప్పుకుంటారనీ, తమ ఊళ్లో అదే మంచు ప్రాణాల మీదికి తెస్తుందనీ వాళ్లకు తెలియజెప్పాలని ఆయన పట్టుదల. అందుకోసం రాసిన పుస్తకం అచ్చు వేయించడానికి ఎదోలోని పేరున్న రచయితలను ఒకరి తర్వాత ఒకరిని ఆశ్రయించాడు. దాదాపు నలభై ఏళ్లు గడిచాక, 1837లో ‘హొకుఎచు సెప్పు’ వెలువడింది. అప్పటికి ఆయన వయసు అరవై ఏడు. పుస్తకం విరివిగా అమ్ముడైంది.

బొకుషి కళ్లారా చూసినవెన్నో రాశాడు. ఇల్లు మంచులో కూరుకుపోతే పగలు కూడా దీపం పెట్టుకోవాలి. బీచ్ చెట్టు కర్రతో చేసిన చెక్క పారతో కప్పు మీది మంచు తవ్వాలి. లోతైన మంచులో నడవాలంటే కొమ్మలు వంచి కట్టిన పెద్ద చట్రాలు కాళ్లకు తగిలించుకోవాలి. ఆడవాళ్లు చలికాలమంతా నార బట్ట నేసేవారు, ఎందుకంటే గాలిలో చెమ్మ ఉంటేనే ఆ సన్నటి దారం తెగకుండా నిలుస్తుంది. నేసిన బట్టను ఫిబ్రవరి, మార్చి ఎండలో మంచు మీద పరిచి తెల్లబరిచేవారు. ఈ నేత ఇప్పటికీ సాగుతోంది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పాత రోజుల్లో సాయానికి కట్టుబాట్లు ఉండేవి. రాత్రి కురిసిన మంచు తెల్లారేసరికి దారి మూసేసేది. పిల్లలు బడికి పోవాలన్నా, మంత్రసాని రావాలన్నా ఎవరో ఒకరు దారి తొక్కాలి. వంతు వచ్చిన ఇంటివాళ్లు చీకటి ఉండగానే లేచేవారు. వరిగడ్డితో అల్లిన బస్తాల్లాంటి బూట్లు మోకాళ్ల దాకా తొడిగి, వాటికి కట్టిన తాళ్లను చేతులతో పట్టుకుని, ఒక్కో కాలూ పైకి లాగుతూ, అడుగు పక్కన అడుగు వేసి మంచును అణగదొక్కేవారు. అలా మనిషి పట్టేంత వెడల్పున గట్టి బాట తయారయ్యేది. తొక్కిన బాట మీద మళ్లీ మంచు పడితే మళ్లీ తొక్కాలి.

ఎచిగోలోని తకదా పట్నంలో ఇదే కట్టుబాటు కట్టడంగా నిలిచింది. అక్కడ వీధి పొడవునా ప్రతి ఇంటి ముందూ చూరును ముందుకు సాగదీసి పంచ దింపారు. వీధంతా మంచులో మునిగినా జనం ఆ పంచల కింద నుంచే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి, కొట్టుకూ గుడికీ నడిచిపోయేవారు. పంచ పడిన నేల ఆ ఇంటివాళ్ల సొంతం, మరమ్మతు ఖర్చూ వాళ్లదే. నడిచేది మాత్రం ఊరంతా. నడుమ ఒక్క ఇల్లు ఒప్పుకోకపోయినా దారి తెగిపోతుంది. ఇప్పటికీ అక్కడ ఇలాంటి పంచలు అన్నీ కలిపితే పది కిలోమీటర్లకు పైగానే ఉన్నాయి.

కప్పు పని ఇంకా బరువైనది. వంద చదరపు మీటర్ల కప్పు మీద మీటరు ఎత్తున అణిగిన మంచు ఉంటే, ఘనపు మీటరుకు మూడు వందల కిలోల చొప్పున లెక్కవేసినా ముప్పై టన్నులు. దించకపోతే దూలాలు విరుగుతాయి. దించడం చలికాలానికి ఒక్కసారితో తీరదు. ఇంట్లో మగదిక్కు లేకపోతే, జబ్బుపడితే పక్కింటివాళ్లు ఎక్కేవారు. ఆ సాయం తర్వాత నాట్లలోనో కోతల్లోనో బదులు తీరేది. రాతకోతలు లేకపోయినా ఆ బాకీ ఎవరూ మరిచేవారు కాదు.

ఈ ఏర్పాటు వలసలతో సడలింది. చలికాలంలో పొలం పని ఉండదు కాబట్టి ఎచిగో రైతులు పూర్వం నుంచీ సాకే మద్యం కాచే చోట్లకు కూలికి పోయేవారు. ఎచిగో సాకే తయారీ నిపుణులకు దేశమంతా పేరు. 1931లో కొండ కింద షిమిజు సొరంగం పూర్తయ్యాక తోక్యో దగ్గరైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాజధానిలో రోడ్లు, మేడలు, 1964 ఒలింపిక్స్ కట్టడాలు లేస్తుంటే నవంబరులో బయలుదేరిన మగవాళ్లు వసంతం వస్తేగానీ ఇల్లు చేరేవారు కాదు. మంచు ముమ్మరంగా పడే నెలల్లోనే ఊళ్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మిగిలారు.

సరిగ్గా ఆ సమయంలో 1963 జనవరి వచ్చింది. నీగాతాలోని నాగావోకాలో మంచు 318 సెంటీమీటర్లకు చేరింది. జనవరి 23న నీగాతా నుంచి తోక్యోకు బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ రైలు 28న గానీ గమ్యం చేరలేదు. దేశవ్యాప్తంగా 228 మంది చనిపోయారు. ఆత్మరక్షణ దళాలు దిగి పట్టాలు తవ్వి తీశాయి.

ప్రభుత్వం అప్పటికే కదిలింది. 1962లో భారీ మంచు ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. దేశ విస్తీర్ణంలో దాదాపు సగం ఆ చట్టం కిందికి వస్తుంది. నాగావోకాలో 1961లో రోడ్డు మధ్యన గొట్టం వేసి భూగర్భ జలాన్ని చిమ్మే పద్ధతి మొదలైంది. నేల లోపలి నీరు చలికాలంలోనూ పదమూడు డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక మంచు కరిగిపోతుంది. తర్వాత ఆ నీటిని అతిగా తోడడం వల్ల నేల కుంగింది కూడా. నీగాతాకు చెందిన తనకా కకుఎయి 1972లో ప్రధాని అయ్యారు. మంచు సీమకు రోడ్లు, సొరంగాలు తేవడమే ఆయన రాజకీయం. యంత్రాలతో దారులు తెరుచుకున్నాయి, దారి తొక్కే వంతులు పోయాయి. కానీ తెరుచుకున్న దారిలోనే పడుచువాళ్లు పట్నాలకు వెళ్లిపోయారు. కప్పు మీదికి మాత్రం ఏ యంత్రమూ ఎక్కలేదు.

స్తంభం ఉన్న ఆ స్టేషన్ సకాయె గ్రామంలోది. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్ల మంచు తీయడానికి మనుషులను పెట్టి జీతం ఇచ్చే పద్ధతి ఆ గ్రామ పాలకులు 1970లలోనే తెచ్చారు. బదులు తీర్చలేని ఇళ్లు పెరిగిపోతే పొరుగువారి బాకీని ఊరి ఖజానా భరించింది. అన్ని ఊళ్లకూ అంత శక్తి లేదు. 2005–06 చలికాలంలో మంచు వల్ల దేశంలో 152 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు, ఎక్కువ చావులు మంచు తీసే పనిలో జరిగినవే. డెబ్బై దాటిన మనిషి ఒంటరిగా నిచ్చెన ఎక్కి జారిపడడం, కప్పు మీంచి ఒక్కసారిగా జారిన మంచు కింద కూరుకుపోవడం ఏటా వార్తే.

బయటివాళ్లు రావడానికి దారి వేసినవి భూకంపాలు. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చాక ఏడాదిలో పదమూడు లక్షలకు పైగా వాలంటీర్లు ఆ ప్రాంతానికి తరలివెళ్లారు. 1998లో స్వచ్ఛంద సంస్థలకు చట్టబద్ధ హోదా ఇచ్చే చట్టం వచ్చింది. 2004 అక్టోబరు 23న నీగాతా చూఎచు ప్రాంతం కంపించింది. కొండ మీది యమకోషి గ్రామంలో దాదాపు రెండు వేల మందీ ఊరు ఖాళీ చేశారు. పగుళ్లిచ్చిన ఆ ఇళ్ల మీద ఆ చలికాలం భారీగా మంచు పడింది. శిథిలాలు తీయడానికి వచ్చినవాళ్లలో కొందరు మంచు తీయడానికి మళ్లీ వచ్చారు. తర్వాత నాగావోకా చుట్టుపక్కల మంచు తీయడం నేర్పే శిక్షణ శిబిరాలే మొదలయ్యాయి. అక్కడ గురువులు ఊరి ముసలివాళ్లు.

విదేశీ వాలంటీర్ల కథ వేరే పాయ నుంచి వచ్చి ఇందులో కలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో స్విట్జర్లాండ్ ఇంజనీరు పియెర్ సెరెసోల్ ఫ్రాన్సులో వర్దున్ దగ్గర పాడైన ఊరిని బాగుచేయడానికి శత్రుదేశాల యువకులను ఒకచోట చేర్చాడు. దేశదేశాల వాళ్లు కలిసి ఒక ఊళ్లో ఉండి ఒళ్లు వంచి పనిచేసే శిబిరాలకు అదే నాంది. 1934 బిహార్ భూకంపం తర్వాత ఆయన మన దేశానికీ వచ్చి కొత్త ఊళ్లు కట్టించాడు. ఆ పద్ధతినే జపాన్‌లో 1990లో పుట్టిన ‘నైస్’ సంస్థ పల్లెలకు తెచ్చింది. 1971లో ఇంగ్లండులో మొదలైన ‘వూఫ్’ మరో దారి. అందులో డబ్బు చేతులు మారదు. అతిథి సేంద్రియ పొలంలో పనిచేస్తాడు, ఇంటివాళ్లు అన్నం, పడక ఇస్తారు.

మూడో దారి కళ. నీగాతాలోని తోకామాచి, త్సునాన్ ప్రాంతంలో 2000లో ఎచిగో-త్సుమారి కళోత్సవం మొదలైంది. 760 చదరపు కిలోమీటర్ల పల్లెల్లో, వదిలేసిన ఇళ్లలో, మూతబడ్డ బడుల్లో కళాఖండాలు పెట్టారు. దాన్ని నడిపే ‘కొహెబి-తై’ వాలంటీర్లను మొదట్లో ఊరివాళ్లు అనుమానంగా చూశారు. ఇప్పుడు ఆ బృందంలో విదేశీయులు చాలామంది. వేసవిలో పొలం పని, చలికాలంలో మంచు పని. అక్కడి ‘ఆస్ట్రేలియా హౌస్’ 2011 మార్చి 12 భూకంపంలో కూలితే, మరుసటేడు భారీ మంచును తట్టుకునేలా మళ్లీ కట్టారు.

మంచు పని ఎలా ఉంటుందో కొత్తవాళ్లు మొదటి పూటే నేర్చుకుంటారు. ఒంటరిగా కప్పు ఎక్కకూడదు. హెల్మెట్ పెట్టుకోవాలి, నిచ్చెనను తాడుతో బిగించాలి, నడుముకు తాడు కట్టుకోవాలి. మంచును ముందు పారతో ఇటుకల్లా కోసి, ఒక్కో దిమ్మనూ జారవిడవాలి. కప్పు రేకు కనబడేదాకా గీకితే కాలు జారుతుంది కాబట్టి అడుగున కాస్త పొర వదిలేయాలి. కింద మనిషి లేడని అరిచి చూసుకున్నాకే తోయాలి. అన్నిటికన్నా భయపడాల్సింది బాగా ఎండ కాసిన రోజుకు. అప్పుడే మంచు పట్టు వదులుతుంది. కిందపడిన గుట్టను పెద్ద చేటలాంటి తోపుడు పారతో కాలువ దాకా నెట్టాలి. పని ముగిశాక ఇంటామె వేడి టీ, ఆకుకూర ఊరగాయ పెడుతుంది. ఆమె పెట్టింది కాదనకూడదని ఊరి పెద్దలు వాలంటీర్లకు ముందే చెబుతారు. బదులు తీర్చుకునే హక్కు ఆమెకు ఉంది మరి.

మంచి మనసుతో వచ్చినా వేళ చూసుకోవాలి. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు, రోడ్లు తెగిపోయాయి కనుక సొంతంగా బయలుదేరి రావద్దని అక్కడి ఇషికావా ప్రిఫెక్చర్ ప్రభుత్వం వాలంటీర్లను కోరింది. పార పట్టడం తెలియని వాళ్లు పదిమంది వస్తే ఊరివాళ్లకు పదిమందిని కనిపెట్టుకునే పని పడుతుంది. ఒకే ఊరికి ఏటా మళ్లీ వచ్చేవాళ్లనే పల్లెలు ఎక్కువగా కోరుకుంటాయి. వాళ్లకు ఏ ఇంటి చూరు బలహీనమో, కాలువ ఎక్కడుందో గుర్తుంటుంది.

ఇక మిగిలింది ఎవరూ లేని ఇళ్ల సంగతి. 2023 లెక్కల ప్రకారం జపాన్‌లో ఖాళీ ఇళ్లు సుమారు 90 లక్షలు. మంచు సీమలో ఖాళీ ఇల్లంటే ఎవరూ దించని ముప్పై టన్నులు. అది కూలితే పక్కింటి గోడ మీదో బడికి పోయే దారి మీదో పడుతుంది. 2014లో వచ్చిన చట్టం ప్రమాదకరమైన ఇళ్లను కూల్చే అధికారం స్థానిక పాలకులకు ఇచ్చింది, కానీ దానికి ముందు యజమానిని వెతకాలి, నోటీసులివ్వాలి. ఈలోగా మంచు ఆగదు. టీ కాచి ఇచ్చే మనిషి లేని ఆ కప్పు మీదికి వాలంటీరును పంపాలా, ఆ బరువు ఎవరు మోయాలి అన్నది ఇప్పుడు ఎచిగో పల్లెలు ప్రతి డిసెంబరులోనూ కూర్చుని తేల్చుకోవాల్సి వస్తున్న విషయం.