పాలమూరు మింట కదలు చుక్కల పుట్టుపూర్వోత్తరములు

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు 2016 అక్టోబరు 11వ తేదీన పాలమూరునుండి వేరుపడి మూడు జిల్లాలైనను, వాని రాత్రులు మాత్రము పంపకమునకు రాలేదు. వేసవిలో మిద్దెమీద చాపవేసి పండుకొన్నవాడును, వేరుసెనగచేనిలో మంచె యెక్కి అడవిపందులను అదలించువాడును, వేళగాని వేళ కరెంటు వచ్చినదని బోరుమోటారు వేయుటకై గట్టువెంట పోవు రైతును ఏదో యొకనాడు ఈ దృశ్యమును చూచియే యుందురు: ఉత్తరపుదిక్కున చెట్లతలలకు మీదుగా ఒక తెల్లని వెలుగు పుట్టి, కదలక మెదలక నిలిచి, క్రమక్రమముగా పెద్దదై, చప్పుడు లేక, చూచుచుండగనే ఆఱిపోవును. తాతలనాడు ఇట్టివానిని కొరివిదయ్యములనిరి. నేడు డ్రోనులనియు, ఉపగ్రహములనియు, లోకాంతరవాసుల వాహనములనియు అనుచున్నారు. చాలమట్టుకు అది టిక్కెట్టు కొని కూర్చున్న జనమును బెంగుళూరికో తిరుపతికో కొనిపోవు సామాన్యవిమానము. అందు పాలమూరు మనుష్యులును ఉండవచ్చును.

ఆకాశమున కదలు వెలుగులను చూచి వానికి జాతులేర్పఱచుట మన దేశమున క్రొత్త కాదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో మింటనుండి పడు తేజస్సులను ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని ఐదు తెగలుగా విభజించి, ధూమకేతువులకు వేఱొక అధ్యాయమును, గాలిలో కనబడు గంధర్వనగరములకు మఱియొక అధ్యాయమును కేటాయించెను. అతడు చెప్పిన ఫలములను నమ్మినను నమ్మకున్నను, చూచినదానిని చూచినట్లు వర్గీకరింపవలెనన్న ఆ పట్టుదల మెచ్చదగినది. విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానపు నేలమీద ఈ మాట చెప్పుటకు నేను సంకోచింపను. ఆ ఐదు తెగలలో చేరని ఆఱవ తెగ మొన్న మొన్న పుట్టినది. దానిని మనుష్యుడే వెలిగించినాడు.

దాని జన్మస్థానము ఆకాశము గాదు, సముద్రము. ఆవిరియోడలు గాలివాటముతో పనిలేక ఇచ్చవచ్చిన దిక్కునకు పరువెత్త నారంభించిన పిమ్మట, చీకటిలో ఒకదానితోనొకటి ఢీకొనుట అధికముకాగా, బ్రిటిషు నౌకాధికారులు 1848లో ఆవిరియోడలకు ఎడమప్రక్క ఎఱ్ఱదీపమును, కుడిప్రక్క పచ్చదీపమును, స్తంభాగ్రమున తెల్లదీపమును విధించిరి. ఎదుటి యోడయొక్క ఎఱ్ఱదీపము మాత్రమే కనబడినచో దాని యెడమప్రక్క మనవైపునకు తిరిగియున్నదనియు, ఎఱుపు పచ్చ రెండును కనబడినచో అది నేరుగా మనమీదికే వచ్చుచున్నదనియు నావికుడు నోటిమాట లేకయే గ్రహించును. డెబ్బదియొక్క యేండ్ల తరువాత, 1919 అక్టోబరు 13వ తేదీన పారిస్ నగరమున కుదిరిన అంతర్జాతీయ విమానయానపు ఒడంబడిక, ఈ యాచారమునే రెక్కలకు తగిలించెను. ఎడమరెక్క కొసను ఎఱుపు, కుడిరెక్క కొసను పచ్చ, తోకకు తెలుపు. ప్రక్కదీపములు ఒక్కొక్కటి 110 డిగ్రీల మేర, తోకదీపము 140 డిగ్రీల మేర కనబడవలెను. మూడును కలిసి 360. వలయమున ఎక్కడను సందు లేదు. 1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన ఒప్పందము పారిస్ ఒడంబడికను త్రోసిపుచ్చి క్రొత్తగా నిలిచినను, ఈ రంగులజోలికి మాత్రము పోలేదు.

మిణుకుమిణుకుమను తళుకు తరువాతి చేర్పు. 1930లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు, తిరుగుచున్న యంత్రభాగములను నిలిచినట్లు చూచుటకై, విద్యుత్తుతో క్షణమాత్రము మెఱయు దీపమును రూపొందించెను. జెట్టువిమానములు వచ్చి, పైలటు కంటికి ఎదుటి విమానము చిక్కులోపల రెండును కలిసికొను వేగములు సంభవించినప్పుడు, ఆ వంశపు దీపమే రెక్కలమీదికి చేరెను. పొట్టక్రిందను వీపుమీదను ఎఱ్ఱగా మెఱయునదియు, రెక్కకొసల తెల్లగా చిటుక్కుమనునదియు నిమిషమునకు 40కి తగ్గక 100కు మించక మెఱయవలెనని నియమము. ఇవి యన్నియు మఱియొక పైలటుకొఱకు పెట్టినవే. మంచెమీది మనుష్యుని ఎవ్వరును తలపలేదు. అందుచేతనే అతనికి అవి అయోమయముగా నున్నవి.

మన ప్రక్కకు విమానము వచ్చినది పగటిపూట. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా తెచ్చినప్పుడు, అక్కడినుండి నెవిల్ విన్సెంట్ అను పైలటు మద్రాసుకు కొనిపోయెను. రాత్రి ఎగురుటకు సాధనములు లేనందున అతడు బళ్లారిలో మకాము చేసెను. గద్వాలకు బళ్లారి నూటయేబది కిలోమీటర్లు. నిత్యము వచ్చు రాత్రిదీపము తెలుగునేలమీద వెలిగినది స్వాతంత్ర్యానంతరము: 1949 జనవరి 30న ఆరంభమైన రాత్రి తపాలా పథకమున ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి నాలుగు విమానములు చీకటిలో బయలుదేరి, నడిరేయి నాగపూరున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవాఱుసరికి ఇండ్లు చేరెడివి. మద్రాసు విమానము దాటవలసినది మన తెలుగు జిల్లాలనే. ఇంతటి సాహసకార్యమును మనవారు కథలుగా వ్రాసికొనకపోవుట నాకు వింతగా నున్నది.

ఇక నేటి పాలమూరు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱచిరి. పటముమీద అక్కడినుండి బెంగుళూరికి సూటిగా గీత గీసినచో అది నాగరుకర్నూలు మీదుగా, వనపర్తికి ఇరువది కిలోమీటర్ల తూర్పుగా పోవును. తిరుపతికి గీసినది అచ్చంపేట మీదుగా నల్లమలలో ప్రవేశించును. ఢిల్లీనుండి బెంగుళూరికి గీసినది గద్వాలకు కొంచెము పడమరగా, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డను ఒరసికొని పోవును. విమానములు గీతలను తు.చ. తప్పక అనుసరింపవు గాని, ఈ మూడు పట్టణముల నెత్తిమీద ఇంత రద్దీ యేల యన్నదానికి ఇది చాలును.

పదిన్నర కిలోమీటర్ల యెత్తున, గంటకు 850 కిలోమీటర్ల వేగమున మనవైపు వచ్చు విమానమును తీసికొందము. నూఱు కిలోమీటర్ల దూరమున అది దిఙ్మండలమునకు ఆఱు డిగ్రీల పైన, అనగా చేయి చాచి పట్టిన మూడు వ్రేళ్ల మందమున కనబడును. మొదటి నాలుగు నిమిషములలో ఏబదియేడు కిలోమీటర్లు కడచినను, మన కంటికి ఎనిమిది డిగ్రీలు మాత్రమే పైకి జరుగును, నిలిచినదనియే యనిపించును. తక్కిన మూడు నిమిషములలో నడినెత్తికి దూకును. 'ఇంతసేపు నిలిచి, ఒక్కసారిగా ఉఱికినది' అను సాక్షి అబద్ధమాడుట లేదు. ధ్వని సంగతియు నట్టిదే: అంత యెత్తునుండి చప్పుడు దిగివచ్చుటకు అరనిమిషమునకు పైగా పట్టును, ఆ లోపల విమానము ఎనిమిది కిలోమీటర్లు ముందుకు పోయియుండును గనుక, మ్రోత ఒకచోటనుండి, వెలుగు వేఱొకచోటనుండి వచ్చినట్లుండును. దూరమున పోవుదానికి మ్రోతయే వినరాదు.

ఆఱిపోవు వెలుగు మాటేమి? విమానము ముందుభాగమున బండిదీపములవంటి బలమైన దీపములుండును. సాధారణముగా పదివేల అడుగులకు దిగువనున్నంతసేపు పైలటు వానిని వెలిగించి, ఆ యెత్తు దాటగనే ఆర్పివేయును. శంషాబాదునుండి లేచి దక్షిణమునకు తిరిగిన విమానము కల్వకుర్తివైపు ముఖము పెట్టి పైకెక్కుచున్నప్పుడు, నాగరుకర్నూలువానికి ఉత్తరమున నిలిచిన జ్యోతియై కనబడి, పైలటు మీట నొక్కగనే మాయమగును. పైగా చుట్టును చీకటియై ఒక్క చుక్కనే తదేకముగా చూచుచున్నప్పుడు, నిలుకడగా నున్నదియు అటునిటు ఊగినట్లు తోచుట మానవనేత్రమునకు సహజము.

పల్లెటూరివారే మోసపోవుదురనుకొనుట అన్యాయము. 1896 నవంబరున, విమానమే పుట్టకమునుపు, కాలిఫోర్నియా ప్రజలు సాక్రమెంటో పట్టణముమీద దీపముల గాలియోడను చూచితిమనిరి. 1969 వఱకు అమెరికా వైమానికదళము సేకరించిన, గుర్తుతెలియని గగనవస్తువులను గూర్చిన 12,618 కథనములలో తేలక మిగిలినవి 701. తేలినవానిలో అరవైవేల అడుగులకు పైన రహస్యముగా ఎగిరిన గూఢచారి విమానము పాత్ర తక్కువ కాదని ఆ దేశపు గూఢచారి సంస్థయే పిమ్మట వ్రాసికొన్నది. మన సైన్యము 2012–13లో లడాఖు సరిహద్దున నెలలతరబడి లెక్కపెట్టిన 'శత్రువు డ్రోనులు' గురుశుక్రులని ఖగోళశాస్త్రజ్ఞులు తేల్చిరి. 2024 నవంబరు, డిసెంబరులలో, తెలుగువారు దండిగానున్న న్యూజెర్సీ రాష్ట్రమున 'రాత్రి డ్రోనుల' కలవరము చెలరేగగా, కేంద్రసంస్థలకు అయిదువేలకు పైగా ఫిర్యాదులు చేరినవి. పరిశీలింపగా అందు అనుమతిగల డ్రోనులు, సాధారణ విమానములు, హెలికాప్టరులు, నక్షత్రములు తేలినవి. మేరీలాండు రాష్ట్రపు మాజీ గవర్నరు తీసిన చిత్రములో ఉన్నది మృగశిర చుక్కలగుంపు.

విమానముగానివియు మింట ఉండవచ్చును. హైదరాబాదునుండి శాస్త్రపరిశోధనకై ఎగురవేయు పెద్ద బెలూనులు తెల్లవాఱుజామున ఎండ సోకి వెలుగును. 2022 డిసెంబరులో అట్టి బెలూనుకు కట్టిన గోళాకారపు పేటిక వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమున దిగగా ఊరంతయు చూడవచ్చిరి. ఉపగ్రహము సాధారణముగా తళుక్కుతళుక్కున మెఱయదు, ఎఱ్ఱపచ్చలు దానికి లేవు. వేగుచుక్క కంటికి తెలియనంత మెల్లగా మాత్రమే జరుగును.

కావున పాఠకులకు ఒక మనవి. అట్టి వెలుగు కనబడిననాడు ఫోనులో ఇరుగుపొరుగులకు పంపుటకు ముందు, గడియారపు వేళను, దిక్కును, రంగులను, నిమిషమునకు ఎన్నిమార్లు మెఱసినదో ఆ లెక్కను ఒక చీటిమీద వ్రాసికొనుడు. మఱునాడు అదే వేళకు అదే దిక్కున చూడుడు. విమానములకు వేళలపట్టిక కలదు గనుక కొంత అటునిటుగా తఱచు మఱల వచ్చును. వారము దినములు చూచినను రాకున్నచో, ఆ చీటిని దగ్గఱనున్న కళాశాలలోని భౌతికశాస్త్రాచార్యునకు చూపుడు.