కారెంపూడి వీరపూజ

ప్రత్తి, మిరప పండు పలనాటిసీమలో నాగులేటి యొడ్డున కారెంపూడి యున్నది. పండ్రెండవ శతాబ్దిలో నలగామరాజు, మలిదేవరాజుల పక్షములవారు దాయాదివైరముతోఁ బోరి మడిసిన రణభూమి యిదియే. కార్తికామావాస్యతో మొదలై యైదు దినము లిచ్చట వీరుల తిరునాళ్ళు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని యా దినములకుఁ బేళ్ళు. ఇవి యన్నియు వీరకథను దలపించు పేళ్ళే; వరుస మాత్రము కథావరుస కాదు. పుటలు తాఱుమాఱైన పవిత్రగ్రంథము నొకదానిని జనులు కాళ్ళతో, చేతులతోఁ బారాయణము చేయుచున్నట్లు మాకుఁ దోఁచును.

వీరాచారవంతులు పూర్వుల యాయుధములను తమ యూళ్ళనుండి మోసికొనివచ్చి నాగులేట స్నానము చేయింతురు. ఆయుధ మెవరి యింట నున్నదో వారు వీరుల వంశ్యులు. వేఱు పత్రముతోఁ బని లేదు.

ఇఁక గ్రంథము మాట. శ్రీనాథుని పేర వెలసిన ద్విపద వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చొత్తించిరి. పండితులు దానిని తలకెత్తుకొనిరి. కర్త శ్రీనాథుఁడా కాఁడా యని వాదించుకొనిరి. కాని కథను తరతరములుగా నోట నిలిపినవారు మాలకులజులైన వీరవిద్యావంతులు. తాటాకునకుఁ బీట వేసిన మనవారు ఈ గాయకులను చిరకాలము అరుగుపైనైనఁ గూర్చుండఁబెట్టలేదు. వీరి గానమునే యాధారముగాఁ గొని జీన్ రోఘేరు అను పాశ్చాత్యపండితుఁడు 1982లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. మంగోలుల గెసరు వీరగాథ 1716లోనే పీకింగున చెక్కయచ్చున వెలువడినది. గెసరు పూజలును అందుకొన్నాఁడు. అయినను అచ్చుపుస్తకము వచ్చినదని అక్కడి గాయకులు పాట మానలేదు. పుస్తకమును పాటయుఁ గలిసి బ్రదుకుట కొత్త కాదు.

మందపోరునాఁడు చాపకూడు. బ్రహ్మనాయఁడు కులభేద మెంచక యందఱ నొక్కచోట భుజింపఁజేసెననియు, మాల కన్నమదాసును కుమారునిగాఁ జేకొని సేనానిని జేసెననియుఁ గథ. దీనిని విని సంస్కారప్రియులు మురియుదురు, మేమును మురిసితిమి. కాని యొక చిక్కు. నేఁడు కలిసి కుడిచినవారు ఱేపు తమ తమ వీధులకే మరలినచో, కుడిచినది ప్రసాదమా, ప్రతిజ్ఞయా? కథలోని కన్నమదాసు ఒక్కపూట కొడుకు కాఁడు. యుద్ధమున నాయనికి ముందు నిలిచినవాఁడు. ఈ ప్రశ్నను మేము పలనాటివారినే కాదు, మా యింటి పంక్తిని జూచియు వేసికొనుచున్నాము.

మఱునాఁడు కోడిపోరు. నాగమ్మతోఁ గట్టిన పందెమున నోడి మాచెర్లవా రేడేండ్లు సీమ విడిచిపోయిన ఘట్ట మది.