రక్తం ఆపిన కడియం

1511లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ మన మలక్కా మీదికి వస్తున్నాడు. సుమత్రా దగ్గర సముద్రంలో అతని మనుషులు ఒక నఖోదాను పట్టుకున్నారు. నఖోదా అంటే ఓడ నాయకుడు. ఒంటి నిండా గాయాలున్నా అతనికి రక్తం కారలేదట. చేతికున్న ఎముక కడియం తీయగానే రక్తమంతా కారిపోయి చనిపోయాడట. అల్బుకెర్క్ కొడుకు 1557లో అచ్చు వేయించిన పుస్తకంలో ఈ కథ ఉంది.

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. అప్పటి పాఠాల్లో యూరప్ అంటే బుద్ధి, మన వైపు అంటే మంత్రతంత్రాలు. కానీ పోర్చుగీసువాళ్ళు ఆ కడియాన్ని చూసి నవ్వలేదు. విలువైన వస్తువని దాచారు. ఆ ఏడాదే అది ఫ్లోర్ ద లా మార్ ఓడతో మునిగిపోయింది.

ఇటలీలో ప్లేటోను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు ఫిచీనో కూడా, 1489లో వచ్చిన తన పుస్తకంలో, గ్రహాల శక్తిని పట్టే తాయెత్తుల గురించి రాశాడు.

ఆ ఎముక "కబల్" అనే జంతువుదని పోర్చుగీసువాళ్ళు రాసుకున్నారు. మలయ్ భాషలో "కెబల్" అంటే ఆయుధం తగలని ఒళ్ళు. యుద్ధ ట్యాంకును మనం ఇప్పటికీ "కెరెతా కెబల్" అంటాం కదా!

గుడిలో మన అమ్మమ్మలు పిల్లలకు తాయెత్తు కట్టిస్తారు. మీరు నమ్మకపోయినా పరవాలేదు. దాని కోసం సిగ్గుపడకండి. ఆ భయం, ఆ ఆశ అందరివీ.