సమరయులు ఇంకా ఉన్నారు



మంచి సమరయుని ఉపమానము మన సండేస్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. బావి దగ్గర సమరయ స్త్రీ గురించి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. అయితే ఆ సమరయులు నేటికీ బ్రతికి ఉన్నారని మనలో ఎంతమందికి తెలుసు? ఫిలిష్తీయులవలె వారూ ఎప్పుడో కనుమరుగయ్యారనే మనం అనుకుంటాము.

వారు ఉన్నారు. 800 మందికి పైచిలుకు మాత్రమే. మన వైపు ఒక చిన్న పల్లెలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. కొందరు నాబ్లుస్ పట్టణం ప్రక్కన గెరిజీము కొండమీద, మిగిలినవారు ఇశ్రాయేలులోని హోలోన్ పట్టణంలో నివసిస్తున్నారు. బైబిలులోని షెకెము ఆ నాబ్లుస్ దగ్గరిదే. యాకోబు బావి కూడా అక్కడే ఒక గుడిలోపల నేటికీ ఉంది.

అష్షూరు రాజు తెచ్చి నిలిపిన అన్యజనుల సంగతి 2 రాజులు 17లో చదువుతాము. సమరయులు మాత్రం తమ చరిత్రను వేరుగా చెప్పుకుంటారు. తాము ఎఫ్రాయిము, మనష్షే గోత్రాలవారమనీ, తమ యాజకులు లేవీయులనీ, ఏలీ గెరిజీమును విడిచి షిలోహుకు వెళ్లినప్పుడే చీలిక వచ్చిందనీ వారి మాట. తమ పేరుకు "కాపాడేవారు" అని అర్థం చెబుతారు. ధర్మశాస్త్రమును కాపాడేవారన్నమాట.

వారి నమ్మకం క్లుప్తమైనది. దేవుడు ఒక్కడే, ప్రవక్త మోషే, గ్రంథము మోషే అయిదు పుస్తకములు, ఆరాధనాస్థలము గెరిజీము. కీర్తనలు గానీ, యెషయా గానీ వారి లేఖనాల్లో లేవు. చివరకు తీర్పు దినము వస్తుందనీ, మోషేవంటి ఒకడు వస్తాడనీ ఎదురుచూస్తారు. బావి దగ్గర ఆ స్త్రీ, రాబోయేవాడు అన్నీ తెలియజేస్తాడని ప్రభువుతో అన్నది ఊరికే కాదు.

విశ్రాంతిదినాన పొయ్యి వెలిగించరు, బండి ఎక్కరు. ప్రార్థనామందిరంలోకి మనలాగే చెప్పులు బయట విడిచి వెళ్లి, సాగిలపడి ప్రార్థిస్తారు. పస్కా సాయంత్రం తెల్లని బట్టలు కట్టుకొని, కొండమీద గొఱ్ఱెలను వధించి, నేలలో తవ్విన గుంటల్లో కాల్చి, రాత్రివేళ త్వరత్వరగా తింటారు. పర్ణశాలల పండుగకు ఇంటిలోపలే పైకప్పునుండి పండ్లు వ్రేలాడదీసి పందిరి వేస్తారు. బయట వేస్తే శత్రువులు పాడుచేస్తారని ఒకప్పుడు లోపలికి తెచ్చుకున్నారట. భయం పోయినా ఆ ఆచారం నిలిచిపోయింది.

ఆ భయం ఊహించుకున్నది కాదు. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం చివర యూదుల పాలకుడు హిర్కాను గెరిజీము మీది వారి మందిరాన్ని పడగొట్టాడు. ఆ తరువాతి మాట వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉంది. క్రీస్తుశకం 484 తరువాత అదే కొండమీద క్రైస్తవ చక్రవర్తి జెనో చర్చి కట్టించి, వారిని అక్కడికి రానివ్వలేదు. 529లో వారు తిరుగుబాటు చేస్తే జస్టీనియన్ సైన్యం వేలమందిని చంపింది, ఎంతోమందిని బానిసలుగా అమ్మింది. సమరయుని మంచి పొరుగువాడని ప్రభువు చెప్పాడు. ఆయన పేరు పెట్టుకున్నవారే ఆ పొరుగువానిని దారిలో పడేసి పోయారు.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి వారు 150 మంది మాత్రమే మిగిలారు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంవల్ల పిల్లల్లో పుట్టుకతో జబ్బులు వచ్చాయి, పెళ్లీడు ఆడపిల్లలు తక్కువయ్యారు. ఇప్పుడు తమ విశ్వాసాన్ని అంగీకరించే బయటి పిల్లలను, ఉక్రెయిన్ నుండి సైతం, కోడళ్లుగా తెచ్చుకుంటున్నారు. వేల ఏళ్లుగా గీత కాపాడుకున్న జనం, తమ బ్రతుకు కోసం తలుపు కొంచెం తెరిచింది.

ప్రియులారా, మన సంగతి ఏమిటి? యూదులు సమరయుల పాత్ర ముట్టనికాలంలో ప్రభువు ఆమెను నీళ్లు అడిగాడు. ఆ మాటలోని బరువు మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. హోటలు బయట వేరే గ్లాసులో టీ తాగిన పెద్దలు, బావిగట్టుకు దూరంగా బిందె పట్టుకొని నిలబడిన తల్లులు మన సంఘంలో ఇంకా ఉన్నారు. అయినా ఒకే బల్లలో రొట్టె తీసుకునే మనం, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి ఏ పేటవారని అడుగుతున్నాము. మన పేటకు ఆ పేట సమరయ అయింది. ఇది ఇతరులను వేలెత్తి చూపడం కాదు. మా పాస్టర్ల ఇళ్లలోనూ ఆ ప్రశ్న వినబడుతుంది.

గెరిజీము కొండమీది ఆ కొద్దిమందికోసం ఈ వారం పేరుపెట్టి ప్రార్థించుదము. యుద్ధాలమధ్య ఇరుప్రక్కలా బ్రతకవలసిన ప్రజలు వారు. ప్రార్థన ముగించి లేచాక, మన బిందె ఎవరిని ముట్టనివ్వడంలేదో మన ఇంటిలోనే వెదకుదము.

దేవుడు మనలను దీవించునుగాక. ఆమేన్.