ఇంట్లో ఫోటో ప్రింటర్: ముందు ఇంక్‌లు లెక్కపెట్టండి

నర్సీపట్నంలో పాస్‌పోర్ట్ ఫోటోలతోపాటు దాదా, నానీల పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలూ ఇంట్లోనే తీసుకోవాలనుకునేవారు ముందు ప్రింటర్‌లో ఎన్ని ఇంక్‌లున్నాయో చూడాలి. నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్ కలర్ ఫోటో బాగానే ఇస్తుంది. చిక్కంతా నలుపు తెలుపుతోనే. గ్లాసీ పేపర్‌పై చాలా మోడళ్లు బూడిద ఛాయను మిగతా రంగులు కలిపి తెస్తాయి. అందుకే దాదా తెల్లగడ్డం ఒక్కోసారి పచ్చగానో ఎర్రగానో కనిపిస్తుంది. గ్రే ఇంక్ ఉన్న కానన్ జి670, ఎప్సన్ ఎల్8180లలో ఈ తేడా తగ్గుతుంది. రెండోది ఏ3 సైజు, ఖరీదెక్కువ. ఎప్సన్ ఎల్8050లో ఆరు ఇంక్‌లున్నా గ్రే లేదు, అది కలర్‌కే మేలు. నెలకు రెండు ఫోటోలే అయితే స్టూడియోయే చవక; వాడకపోతే హెడ్‌లో ఇంక్ ఎండిపోతుంది. కొన్నవాళ్లు వారానికో కలర్ పేజీ తీస్తుండాలి. పాత ఫోటోను మాత్రం ముందే 600 డీపీఐలో స్కాన్ చేసి దాచుకోండి.