జీతాన్ని నిర్ణయించేదెవరు? : బార్బారా వూటన్ జీవితం

1920 ప్రాంతంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అర్థశాస్త్రం మీద ఒక ఉపన్యాసమాలను ప్రకటించింది. ప్రకటనలో ఉపన్యాసకుడుగా హ్యూబర్ట్ హెండర్సన్ పేరు వుంది. పాఠాలు మాత్రం శ్రీమతి వూటన్ చెబుతుందని కింద చిన్న వివరణ వుంది. స్త్రీలు ఆ విశ్వవిద్యాలయంలో సభ్యులు కారు. కాబట్టి పాఠం చెప్పడానికి ఆమె పనికివచ్చింది గాని, ఆమె పేరు పనికిరాలేదు. 1919లో ఆమె అర్థశాస్త్రంలో చివరి పరీక్షను విశేష ప్రతిభతో, ప్రథమ శ్రేణిలో ముగించింది. అయినా పేరు పక్కన బి.ఏ. అని వ్రాసుకొనే హక్కు ఆమెకు లేదు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి పట్టాలివ్వడం 1948లో గాని జరగలేదు.

బార్బారా 1897లో కేంబ్రిడ్జిలోనే, పండితుల యింట పుట్టింది. తల్లీ తండ్రీ గ్రీకు, లాటిన్ విద్వాంసులు. పదేళ్ళకే తండ్రి పోయాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అన్నదమ్ములలో ఒకడు పోయాడు. 1917 సెప్టెంబరులో జాక్ వూటన్‌ను వివాహమాడింది. ఆ దంపతులు కలిసి వున్నది ముప్ఫయి ఆరు గంటలు. అతడు యుద్ధరంగానికి వెళ్ళి, అయిదు వారాలకు గాయాలతో మరణించాడు. సైనిక శాఖవారు నెత్తుటి మరకలతో వున్న అతని దుస్తులను ఆమెకు పంపించారు. అప్పటికి ఆమెకు యిరవై యేళ్ళు. యీ విషాదాన్ని ఆమె తన సిద్ధాంతాలకు కారణంగా యెన్నడూ చూపుకోలేదు. మనమూ ఆ పని చేయనక్కరలేదు. కాని యుద్ధానికి యెవరెంత చెల్లించారనే ప్రశ్న ఆమెకు పుస్తకాలలోంచి వచ్చినది కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

1922లో ఆమె కేంబ్రిడ్జిని విడిచి, ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు, లేబర్ పార్టీ ఉమ్మడిగా నడిపే పరిశోధన శాఖలో చేరింది. యుద్ధానికి ముందు దాదాపు 65 కోట్ల పౌన్లుగా వుండిన బ్రిటన్ జాతీయ ఋణం, యుద్ధం ముగిసేసరికి సుమారు 780 కోట్లయింది. అప్పిచ్చినవారు ధనికులు. వడ్డీకి పన్ను కట్టేవారు అందరూను. 1924లో తొలి లేబర్ ప్రభుత్వం యీ విషయం మీద నియమించిన కోల్విన్ సంఘంలో యిరవై యేడేళ్ళ వూటన్‌కు స్థానం దొరికింది. పెట్టుబడి మీద ఒక్కసారి పన్ను వేసి ఋణం తీర్చాలనే ప్రతిపాదనను అధిక సంఖ్యాకులు తోసిపుచ్చారు. ఆమె అల్పసంఖ్యాకుల నివేదికపై సంతకం చేసింది. 1926లో ఆమెను మేజిస్ట్రేటుగా నియమించారు. ముప్ఫయి యేళ్ళు నిండని స్త్రీకి నాడు ఓటు లేదు. ఆమెకు యిరవై తొమ్మిది. చట్టం ప్రకారం ఇతరులకు శిక్ష విధించవచ్చు గాని, ఆ చట్టాలు చేసే సభకు సభ్యుని యెన్నుకోరాదు! ఉదారవాదానికి పుట్టినిల్లని చెప్పుకొనే దేశంలో సంగతి యిది.

1927 నుంచి 1944 వరకు లండన్ విశ్వవిద్యాలయం తరఫున శ్రామికులకూ, వయోజనులకూ జరిగే సాయంకాలపు తరగతులకు ఆమె అధ్యయన సంచాలకురాలు. 1935లో జార్జి రైట్‌ను పెళ్ళిచేసుకున్నది. అతడు టాక్సీ నడిపేవాడు గనుక పత్రికలు దానిని వింతగా అచ్చువేశాయి. యే వృత్తికి యెంత గౌరవమని సమాజం ముందే లెక్క వేసి పెట్టుకొంటుందో, ఆ లెక్క జీతాలలోకి యెట్లా దిగుతుందో ఆమె తరువాత వ్రాసిన గ్రంథానికి యిదొక ఉదాహరణగా సరిపోయేది.

ఆమె 1932లో సోవియట్ యూనియన్‌ను చూసింది. ప్రపంచమంతటా మిల్లులు మూతపడుతున్న సంవత్సరాలవి. 1934లో ప్రణాళికనూ ప్రణాళిక లేకపోవడాన్నీ పోల్చి ఒక గ్రంథం వ్రాసింది. అది ప్రచార గ్రంథం కాదు, కళ్ళు మూసుకున్న భక్తి అందులో లేదు. 1938లో వచ్చిన 'అర్థశాస్త్ర విలాపం' తన శాస్త్రం మీదనే ఫిర్యాదు: అర్థశాస్త్రజ్ఞులు యెవరూ అడగని ప్రశ్నలకు చక్కని సమాధానాలు తయారుచేస్తున్నారని. 1944లో హయెక్ ప్రణాళిక బానిసత్వానికి దారి అని వాదించినప్పుడు, మరుసటి సంవత్సరమే ఆమె 'ప్రణాళికలో స్వేచ్ఛ' అనే గ్రంథంతో జవాబిచ్చింది. ఆర్థిక ప్రణాళిక వున్నచోట రాజకీయ, సాంస్కృతిక స్వేచ్ఛలు నిలవలేవనడానికి ఆధారం లేదనీ, అవి నిలిచేదీ పోయేదీ ప్రజల జాగరూకతను బట్టి వుంటుందనీ ఆమె వాదం. ఆ గ్రంథపు మర్యాదను హయెక్ స్వయంగా అంగీకరించాడు.

కాని యీ వాదంలో ఒక బలహీనత వుంది. దీర్ఘకాల ప్రణాళిక సాగాలంటే లక్ష్యాల విషయమై పక్షాల మధ్య ఒప్పందం కావాలని ఆమె ఒప్పుకొంటుంది. ఆస్తి పోగొట్టుకోబోయే వర్గం ఆ ఒప్పందానికి యెందుకు వస్తుంది? యీ ప్రశ్న దగ్గర ఆమె మంచి మనుషుల వివేకాన్ని ఆశ్రయిస్తుంది. వర్గ సంబంధాలు తెలియక కాదు; వాటిని చర్చతో జయించవచ్చునని నమ్మిన తరం ఆమెది.

ఆమె గ్రంథాలలో మన విద్యార్థులు తప్పక చదవవలసినది 1955 నాటి 'వేతన విధానానికి సామాజిక పునాదులు'. దానికి మూలం ఒక ఏనుగు. విప్స్‌నేడ్ జంతుప్రదర్శనశాలలో పిల్లలను వీపున మోసే ఆ ఏనుగు సంపాదన సంవత్సరానికి 600 పౌన్లనీ, విశ్వవిద్యాలయంలో పెద్ద బాధ్యతలో వున్న తన జీతమూ అంతేననీ ఆమెకు తెలిసింది. నవ్వుకొని వదిలెయ్యలేదు. శ్రమ అనే సరుకుకు గిరాకీ, సరఫరాలు నిర్ణయించే ధరే వేతనమని పాఠ్యగ్రంథం చెబుతుంది. సరే, వేతన వివాదాలలో ఇరుపక్షాలూ వాస్తవంగా యేమి వాదిస్తున్నాయి? ఆమె ఆ వాదనలనే పరిశీలించింది. అక్కడ వినిపించేది గిరాకీ కాదు. 'ఫలానా వృత్తివారితో మాకు సమానత వుండేది', 'మా కింది వారికి పెరిగింది గనుక మాకూ పెరగాలి', 'మా హోదాకు తగదు' - యివీ వాదనలు. అంటే ప్రతివారూ మార్పును కోరుతున్నది తమ పాత స్థానం మారకుండా వుండడానికి! మధ్యవర్తికి చూస్తే అనుసరించవలసిన సూత్రమేదీ లేదు. చట్టం లేని న్యాయమూర్తి అతడు. న్యాయమనే మాట అందరి నోటా వుంటుంది. ఆ న్యాయమేమిటో దేశం యెప్పుడూ తేల్చుకోలేదు. వేతన సంఘం ముందు మహజరు దాఖలు చేసిన ఉపాధ్యాయునికి యిది కొత్తగా వుండదు.

లాభాలను గురించి యీ గ్రంథం మరింత చెప్పవలసిందన్న విమర్శ సమంజసమే. అయినా వేతనం ప్రకృతి నియమం కాదు, అధికారమూ ఆచారమూ కలిసి చేసిన ఏర్పాటు అని లోపలివారి సాక్ష్యంతో చూపినది యిది.

1958లో స్త్రీలకు మొదటిసారి ప్రభువుల సభలో చోటిచ్చారు. ఆ తొలి నలుగురిలో ఒకరు కర్జన్ ప్రభువు కుమార్తె, ఒకరు రీడింగ్ ప్రభువు వితంతువు. ఇద్దరు ప్రభువులూ మనలను వైస్రాయిలుగా యేలినవారే. వారి పక్కన సోషలిస్టు వూటన్! ఆ సభకు వెళ్ళడం తగునా అనే ప్రశ్నకు నా సమాధానం ఆమె అక్కడ చేసిన పనిలో వుంది. హంతకులకు ఉరిశిక్షను తొలగించే బిల్లును 1965లో ఆ సభలో నడిపించింది ఆమే. 1969లో ఆ రద్దు శాశ్వతమయింది. జైలుకు బదులు సమాజానికి ఉపయోగపడే పని చేయించే శిక్ష, ఆమె అధ్యక్షతను 1970లో వచ్చిన నివేదిక నుంచి పుట్టి, 1972లో చట్టమయింది. నేరస్థులను అన్నేళ్ళు చూసిన మేజిస్ట్రేటు చేసిన సిఫారసు అది.

1974లో, డెబ్బది యేడవ యేట, ఆమె మళ్ళీ ఆదాయాల ప్రశ్నకే తిరిగివచ్చి ఒక చిన్న గ్రంథం వ్రాసింది. అప్పటికి బ్రిటిష్ ప్రభుత్వాలు ఆదాయ విధానమనే పేరుతో కూలీల పెంపుదలను బిగబట్టడం కార్మికులకు అనుభవమే. ఆమె అడిగినది వేతనాలకే పగ్గం వెయ్యడం కాదు, అన్ని ఆదాయాలనూ ఒకే న్యాయం కిందికి తేవడం. 1979లో వచ్చిన థాచర్ ప్రభుత్వం ఆదాయ విధానాన్నే వదిలి, జీతాలను మార్కెట్టుకు అప్పగించింది. వూటన్ 1988 జులై 11న మరణించింది. అప్పటికి థాచర్ యింకా ప్రధానిగానే వుంది.